అబౌట్ అక్కర్లేదు

నాలుగేళ్ల కిందట ఆఫీసు మీటింగులో నేనొక మాట అన్నాను. "డిస్కస్ అబౌట్ అనకూడదు. ఉత్త డిస్కస్ చాలు, అబౌట్ అక్కర్లేదు." నవ్వుతూనే అన్నాను. మిగతావాళ్లూ నవ్వారు. అనిపించుకున్న కుర్రాడు కూడా నవ్వాడు. టీములోకి కొత్తగా వచ్చాడు, టెక్కలి దగ్గర పల్లెటూరు. ఆరోజు మాట్లాడుతున్న విషయం ఆ గదిలో అందరికంటే బాగా తెలిసింది అతనికే. తర్వాత్తర్వాత మీటింగుల్లో నోరు విప్పడం మానేశాడు. ఏదైనా ఉంటే చాట్‌లో రాసేవాడు, అదీ రెండు మూడు ముక్కల్లో. అది గమనించడానికే నాకు రెండు నెలలు పట్టింది.

నేను అబద్ధం చెప్పలేదు. ఏ వ్యాకరణ పుస్తకం తీసినా నా మాటే ఉంటుంది. కానీ అతని వైపు నుంచి చూడండి. టాక్ అబౌట్ ఒప్పు, స్పీక్ అబౌట్ ఒప్పు, థింక్ అబౌట్ ఒప్పు. చివరికి డిస్కషన్ అబౌట్ కూడా ఒప్పే. డిస్కస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తప్పు. ఎందుకంటే అది సకర్మక క్రియ, కర్మ నేరుగా వస్తుంది అంటారు. అది కారణం కాదు, అలవాటుకి పెట్టిన పేరు. చుట్టూ ఉన్న నాలుగు మాటల్ని చూసి ఐదోది ఊహించాడు అతను. భాష నేర్చుకునే ఏ బుర్రైనా చేసే పనే అది.

ఇలాంటి ఊహలు కొన్ని నెగ్గుతాయి కూడా. పోస్ట్‌పోన్ ఉంటే ప్రీపోన్ ఎందుకుండదు అనుకున్నాం మనం. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది.

నియమాలు ఎక్కడ పుడతాయో చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదని మాకు స్కూల్లో చెప్పేవాళ్లు. ఈ గొడవని లేవనెత్తినవాళ్లలో పెద్దపేరు కవి జాన్ డ్రైడన్‌ది. 1672లో ఆయన తనకంటే ముందటి తరం నాటకకర్త బెన్ జాన్సన్‌లో ఈ తప్పు పట్టాడు. తన రాతల్లోనూ ఉన్నట్టు చూసుకుని, తర్వాతి ముద్రణలో దిద్దుకున్నాడు. తన ఇంగ్లీషు సరిగా ఉందో లేదో అనుమానం వచ్చినప్పుడు దాన్ని లాటిన్‌లోకి మార్చి చూసుకునేవాణ్నని ఆయనే రాసుకున్నాడు. ఇంగ్లండులో పుట్టి, ఆస్థానకవి అయినవాడికి తన మాతృభాష మీద నమ్మకం చాలలేదు! ఎదురుగా లాటిన్ అనే పెద్దమనిషి కూర్చున్నాడు మరి. మనం తెలుగుని ఇంగ్లీషులోకి మార్చుకుని, లోపలే రెండుసార్లు సరిచూసుకుని, అప్పుడు నోరు తెరుస్తాం. పెద్దమనిషి మారాడంతే.

ఇదంతా నాకు అప్పటికే తెలుసు. తెలిసీ ఎందుకన్నానా అని ఆలోచిస్తే జ్ఞాపకం వచ్చేది విజయవాడ. జగిత్యాల నుంచి ఇంటర్ చదవడానికి వెళ్లాను. మొదటి వారంలోనే లెక్చరర్ ఏదో అడిగితే "యాదికి లేదు సార్" అన్నాను. క్లాసంతా ఒక్కసారిగా నవ్వింది. "గుర్తు లేదు అనాలమ్మా" అన్నారాయన, చాలా మెత్తగా. ఆ మెత్తదనం నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటినుంచి హాస్టల్లో ఒక తెలుగు, అమ్మతో ఫోన్లో ఇంకో తెలుగు. మీటింగులో ఆ కుర్రాణ్ని దిద్దింది నాలోని ఇంగ్లీషు ప్రావీణ్యం కాదేమో. ఒకప్పుడు నవ్వులపాలై, ఇప్పుడు నవ్వేవాళ్ల వైపు చేరిపోయానన్న ధీమా.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తిని తలుచుకుంటాం. జనం మాట్లాడే భాషలోనే రాయాలి, చదువు చెప్పాలి అని పండితులతో పోరాడాడని స్టేటస్‌లు పెడతాం. ఆ సాయంత్రమే ఎవరి ఇంగ్లీషునో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పడేస్తాం. ఆయన పంతులుగా పనిచేసిన పర్లాకిమిడి మా కుర్రాడి ఊరికి ఎంతో దూరం కాదు. (అన్నట్టు గిడుగు వాదించింది శిష్టుల వాడుక కోసం. ఆ శిష్టుల్లో మా అమ్మ ఉందా అన్నది నాకెప్పుడూ ఉన్న అనుమానమే.)

అయితే దిద్దకుండా ఊరుకోవడమే మంచితనమా? అదీ నమ్మలేను. "నీ ఇంగ్లీషుకేం, అర్థమైతే చాలు" అని ఉదారంగా చెప్పడం నాకు తేలిక, ఎందుకంటే నాకు ఆ ఇంగ్లీషు వచ్చేసింది. క్లయింటు ఉదారంగా ఉండడు. ప్రమోషన్ లిస్టు తయారుచేసేవాళ్లూ ఉండరు. తలుపు దగ్గర టికెట్ అడుగుతారని తెలిసి కూడా చెప్పకపోతే, అది గౌరవమో, వీడికి చెప్పి ఏం లాభం అన్న చిన్నచూపో నాకే తెలీదు. నలుగురిలో అనకుండా పక్కకి పిలిచి చెబితే సరిపోయేదా? అవమానం తగ్గేది, నిజమే. కానీ అలవాటుని న్యాయంగా, అతని ఊహని అజ్ఞానంగా చూసిన నా చూపు మాత్రం పక్కగదిలోనూ అదే కదా.

ఆ ఏడాది చివర్లో అతను క్లయింటు ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాల్సి వచ్చింది. ఒకసారి చూడమని రాసుకున్నదంతా నాకు పంపాడు. క్యాంటీన్‌లో కూర్చుని చదివాను. ఆరు పేజీల్లో ఎక్కడా ఒక్క అబౌట్ లేదు. టాక్ ది డిలే అని ఉంది. థింక్ ది బడ్జెట్ అని ఉంది. డిస్కస్ ఉన్నచోట మాత్రం అంతా సరిగ్గా ఉంది. పెన్ను తీసి ఒక్కొక్క చోటా అబౌట్ రాసుకుంటూ వచ్చాను. "ఇక్కడ కావాలి. ఇక్కడ కూడా."

అతను కాగితం వంక, నా వంక చూశాడు.

"మీరే కదండీ అక్కర్లేదన్నారు."