రాయని సగం

సమ్యక్ ఆజీవం గురించి మీరు చాలాసార్లు విని ఉంటారు. ఉపాసకుడు చేయకూడని వ్యాపారాలు ఐదని బుద్ధుడు చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. ఆ మాట చదివినప్పుడల్లా నాకు నిశ్చింతగా ఉండేది. వీటిలో ఏదీ నేను అమ్మడం లేదు. ఇనుప రేకుల్ని వంచి వాహనాల భాగాలు చేసే ఒక కంపెనీలో హెచ్.ఆర్. ఆఫీసర్ని. హాజరు, జీతాలు, సెలవులు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., క్యాంటీన్ గొడవలు, ఇదీ నా పని. ఇందులో హింస ఎక్కడుంది అనుకునేవాణ్ణి.

ఎక్కడుందో ఒక రిపోర్టు చూపించింది.

కొన్నేళ్ల కిందటి మాట. నైట్ షిఫ్టులో పవర్ ప్రెస్ మీద ఒక కాంట్రాక్టు కుర్రాడికి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఆ ప్రెస్‌కి రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైనుంచి డై దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే డై కింద ఉండవు కదా, అందుకే ఆ ఏర్పాటు. అతను ఒక బటన్‌ని టేపుతో కట్టేశాడు. ఒక చేత్తో రేకు సర్దుతూ రెండో చేత్తో నొక్కుతూ పోతే పని తొందరగా అవుతుంది.

రిపోర్టు రాయాల్సింది నేను. ప్లాంటు మేనేజర్ పిలిచి, "ఉన్నదే రాయండి, లేనిపోనివి వద్దు" అన్నారు. ఉన్నదే రాశాను: కార్మికుడు రక్షణ బటన్‌ను స్వయంగా కట్టివేసి, అజాగ్రత్తగా యంత్రం నడిపినందువల్ల ప్రమాదం జరిగింది. బటన్ కట్టింది అతనే. అందులో అబద్ధం లేదు.

మిగతా సగం మాత్రం రాయలేదు. ఆ నెలలోనే షిఫ్టు టార్గెట్ పెంచారు. అందుకోలేనివాళ్లని కాంట్రాక్టర్ మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తున్నాడు. బటన్లు కడుతున్నారని సూపర్‌వైజర్‌కి తెలుసు, షాపులో అందరికీ తెలుసు. అటు వెళ్లినప్పుడు ఆ టేపు నేనూ చూశాను.

ఇ.ఎస్.ఐ.లో వైద్యం జరిగింది, వేళ్లు పోయినందుకు వచ్చే సొమ్మూ మంజూరైంది. నిబంధన తప్పినా, యజమాని పని కోసమే చేసినదైతే ఆ చట్టం కార్మికుణ్ణి వదిలేయదు. కానీ అజాగ్రత్త అని రాసి ఉన్న మనిషిని కాంట్రాక్టర్ మళ్లీ పనిలోకి తీసుకోలేదు. టార్గెట్ తగ్గలేదు. ఇంకో కుర్రాడు అదే ప్రెస్ ముందు నిలబడ్డాడు.

కాగితాల కోసం అతను ఆఫీసుకి వచ్చినప్పుడు, "రిపోర్టులో అట్లా రాయాల్సి వచ్చింది బాబూ" అన్నాను.

"మీరు రాసింది నిజమే గద సార్. నేనే కట్టిన" అన్నాడు. ఎడమ చేత్తో సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నా రిపోర్టుని అతను కూడా నమ్మాడు.

మరి మాట నిజమైనప్పుడు అది ముసావాదం అవుతుందా? నోటితో అబద్ధం ఆడకపోవడమే నాలుగో శీలం అనుకుంటే, కాదు. కానీ ధమ్మంలో కర్మకు మూలం చేతన, అంటే ఉద్దేశం. ఆ వాక్యం రాసేటప్పుడు నా ఉద్దేశం ఏమిటి? చదివేవాళ్లు టార్గెట్ వైపు చూడకుండా ఆ కుర్రాడి వైపే చూడాలని. నిజాన్ని తెరలా అడ్డం పెట్టాను. మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమారుడితో బుద్ధుడు, మాట నిజమా అన్నదొక్కటే కాక, మేలు చేసేదా, సమయమా అని కూడా చూడాలంటాడు. నా వాక్యం మొదటి ప్రశ్న దాటింది, రెండో ప్రశ్న దగ్గర ఓడిపోయింది.

"జీతం ఇచ్చేది కంపెనీ కదా, కంపెనీ వైపు రాయకపోతే ఎట్లా?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సిగాలోవాద సుత్తంలో గృహస్థుడికి ఆరు దిక్కులు. కింది దిక్కు పనివాళ్లు. యజమాని వాళ్లకు చేయాల్సినవి ఐదు: శక్తికి తగ్గ పని అప్పగించడం, తిండీ జీతం ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి రుచులు పంచుకోవడం, సమయానికి సెలవివ్వడం. జీతం కంటే ముందు శక్తికి తగ్గ పని వచ్చింది చూడండి. టార్గెట్ అంటే అదే కదా! ఈ ఐదులో చాలావరకు హెచ్.ఆర్. టేబుల్ మీదుగానే నడుస్తాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కూడా యంత్రాలకు రక్షణ ఏర్పాటు చేసి, అది ఊడకుండా చూసే బాధ్యత ముందుగా యాజమాన్యం మీదే పెట్టింది. యజమానికి అతని కర్తవ్యం గుర్తు చేయడమూ కంపెనీ వైపు పనిచేయడమే.

కాగితం మేలూ చేయగలదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ సభ్యుడు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించిన 1946 సవరణ ఆయన హయాంలోదే. కాగితం మీద ఒక అంకె మారితే ఎందరి ఒంటికో విశ్రాంతి దొరికింది.

ఉద్యోగం మానేయాలా అని ఆలోచించాను. మానలేదు, ఇల్లు గడవాలి. "నేను కాకపోతే ఇంకొకరు రాస్తారు" అనుకోవడం మాత్రం మానేశాను. రాహులుడికి బుద్ధుడు అద్దం ఉపమానంతో చెప్పింది నాకు దారి అయింది: చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, దీనివల్ల నాకు గానీ ఇతరులకు గానీ బాధ కలుగుతుందా అని చూసుకోవడం. ఇప్పుడు ప్రతి రిపోర్టుకీ మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఏం జరిగింది? అలా ఎందుకు చేయాల్సి వచ్చింది? ముందే ఎవరికి తెలుసు? తర్వాత జరిగిన ఒక చిన్న ప్రమాదానికి ఇలాగే రాస్తే, మేనేజర్ రెండుసార్లు వెనక్కి పంపారు. గొంతు పెంచకుండా అదే మళ్లీ పంపాను. ఆయన మీదా ఒక టార్గెట్ ఉంది, ఆయన్ని ద్వేషించి లాభం లేదు. మూడోసారికి సంతకం పెట్టారు. ఆ లైన్లో టార్గెట్ కొంచెం తగ్గింది. ఆ ఏడు నా ఇంక్రిమెంటూ తగ్గింది.

చేశాక చూసుకుంటే తప్పని తేలిన పనిని తెలిసినవాళ్ల ముందు ఒప్పుకుని, ఇకమీదట సంయమం పాటించమన్నాడు బుద్ధుడు. ఈ వ్యాసం ఆ ఒప్పుకోలే. పాత ఫైలు తీసి, రాయని సగం రాసి, ఈనాటి తేదీ వేసి జతచేశాను. ఆ కుర్రాడికి ఫోన్ చేసి, "తప్పు నీ ఒక్కడిది కాదు, నాకూ ముందే తెలుసు" అని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు ఎవరు నడుపుతున్నరు సార్ ఆ మిషిన్?" అని అడిగాడు.

మిత్రులారా, మన సంతకం కింద ఎవరి చేయి ఉందో సంతకానికి ముందే చూద్దాం.