మా చేపల తొట్టి: తప్పు ఎవరిది?

చేపల తొట్టి పెట్టాలనుకునేవాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న, "ఏ చేపకు ఏ చేప పడుతుంది?" అని. నేను అది అడగకుండానే తొట్టి పెట్టినాను. తర్వాత దానికంటే పెద్ద ప్రశ్న ఒకటి వచ్చి మీద పడింది. దాని గురించే ఈ వ్యాసం.

పోయిన అక్టోబరు వానలకు హోసూరు దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరి చెరువు నిండింది. గట్టు పక్కన నాచు దగ్గర నీళ్ళమీద ఏదో నారింజ రంగులో కదులుతా ఉంది. చూస్తే వందల కొద్దీ చేపపిల్లలు, ఒకటే గుంపు. అంత అందమైన చేపలు అంగట్లో కూడా చూడలేదు. దోమతెర గుడ్డతో ఐదు పట్టినాను. అప్పుడు నీళ్ళ కింద ఏదో గట్టిగా తోక కొట్టింది. కప్పేమో అనుకున్నాను. అదే చెరువులో ఎనిమిది పరిగెలు, తలమీద వెండిచుక్క మెరిసే చిన్న చేపలు రెండు దొరికినాయి. మా తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. యాభై లీటర్ల నీళ్ళు పడతాయి. అన్నీ ఒకే చెరువులో పుట్టినవే కదా, కలిసి బతకవా అనుకున్నాను.

నారింజ పిల్లల్లో మూడు మొదటి వారమే చచ్చిపోయినాయి. మిగిలిన రెంటిలో ఒకటి కనిపించకుండా పోయింది. చివరిది మాత్రం బాగా పెరిగింది, రంగు మారి మట్టిరంగుకు వచ్చింది. వెండిచుక్క చేపలు మాయమైనాయి. పరిగెలు ఎనిమిది ఆరైనాయి, ఆరు మూడైనాయి. ఎగిరి బయట పడినాయేమో అని మంచం కింద కూడా వెతికినాను. ఒక రాత్రి లైటు వేసి చూస్తే దాని నోట్లోంచి పరిగె తోక బయటికి ఉంది.

సంక్రాంతికి అవ్వ మా ఇంటికి వచ్చి తొట్టి చూసి, "ఓరి పిచ్చోడా, ఇది కొరమీను రా! పిల్లలు తేలుతా ఉంటే కింద తల్లీతండ్రీ కావలి కాస్తా ఉంటాయి. వాటి ముందరినుంచే ఎత్తుకొచ్చినావా?" అనింది. తోక కొట్టింది ఎవరో అప్పుడు తెలిసింది.

నాకు ముందు కోపమే వచ్చింది. "ఇది దొంగది, చెడ్డది" అన్నాను. మా చెల్లి ఊరుకోలేదు. "అది ఏం తింటాదో తెలీకుండా నువ్వెందుకు తెచ్చినావు?" అనింది. ఏడో తరగతి పిల్లకు నేను జవాబు చెప్పలేకపోయినాను.

ఆలోచించి చూస్తే, చెరువులో కూడా కొరమీను పరిగెను తింటుంది. అక్కడ దాన్ని ఎవరూ తప్పు అనరు. కానీ చెరువులో పరిగెకు నాచు ఉంది, రాళ్ళసందులు ఉన్నాయి, పారిపోవడానికి అంత దూరం ఉంది. నా తొట్టిలో రెండడుగులే. చంపింది కొరమీనే, కానీ తప్పించుకునే దారి మూసింది నేను. ఎవరి పక్కన ఉండాలో కొరమీను ఎంచుకోలేదు, పరిగె ఎంచుకోలేదు. ఎంచుకున్నది నేనొక్కడినే.

"నాకు తెలియదు కదా" అని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. మా మార్కెట్లో ప్రాణంతో ఉన్న కొరమీన్లను టబ్బులో పెట్టి అమ్మే అన్న ఉన్నాడు. తమిళంలో విరాల్ అంటాడు. ఒక పిల్లను చూపించి ఉంటే నిమిషంలో చెప్పేవాడు. నేను అడగలేదు, అంతే. తెలియకపోవడం వేరు, అడగకపోవడం వేరు.

నా స్నేహితుడు వేరే మాట అన్నాడు. నంది కొండల్లో పుట్టి బెంగళూరు పక్కగా వచ్చే దక్షిణ పినాకిని, మా కెలవరపల్లి డ్యాముకు చేరేసరికి నురగ కక్కుతుందని అందరికీ తెలుసు. "మన నీళ్ళన్నీ అట్లే అయిపోతాయి, తొట్టిలో పెట్టి నువ్వు కాపాడుతున్నావురా" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ కాపాడాలనుకుంటే నల్లగా, జిగటగా ఉండేవాటిని కూడా తేవాలి కదా? నేను తెచ్చింది మెరిసేవాటినే.

ఇప్పుడు కొరమీనును ఏం చేయాలి? తిరిగి చెరువులో వదిలేద్దామనుకున్నాను. సైన్స్ సార్ వద్దన్నారు. ఆ తొట్టిలోనే అంతకుముందు అంగడిలో కొన్న గప్పీలు తెల్లచుక్కల జబ్బుతో చచ్చిపోయినాయి. ఒక చేపమీద జాలితో వదిలితే, ఆ జబ్బు చెరువంతా పాకొచ్చు. గంబూసియా సంగతి కూడా చెప్పారు. దోమల్ని తింటుందని 1928లో మన దేశానికి తెచ్చిన చేప అది. ఇప్పుడు మన చేపల గుడ్లనూ పిల్లలనూ తింటోంది. తెచ్చినవాళ్ళు మంచికే తెచ్చినారు. తమాషా ఏమంటే, నేను పోగొట్టుకున్న వెండిచుక్క చేప కూడా దోమపిల్లల్ని తినేదే, ముందునుంచీ ఇక్కడే ఉండేది.

అవ్వకైతే ఈ చర్చే అర్థం కాలేదు. "పులుసు పెడితే సరిపోతాది" అనింది. నవ్వొచ్చింది కానీ ఆమె మాట తీసేయలేను. మేము చేపలు తినేవాళ్ళమే. మార్కెట్లో కొన్న కొరమీనుకు రాని బాధ దీనికి ఎందుకు వచ్చిందో నాకు ఇంకా సరిగా తెలీదు. మూడు నెలలు ఉడికించిన గుడ్డు సొన చిదిమి పెట్టినందుకేమో.

తొట్టిలో మిగిలిన మూడు పరిగెల్ని కూడా జబ్బు భయంతో వదలలేను. మూడే ఉంటే అవి ఒకదాని రెక్కలు ఒకటి కొరుక్కుంటున్నాయి. పరిగెకు కనీసం ఆరు తోడుండాలట. ఈసారి ముందే అడిగి, సైజు చూసి, నోరు చూసి, ఇంకో ఐదు తెచ్చినాను. ఇప్పుడు కొరుక్కోవడం లేదు. కానీ మూడింటి తోడు కోసం ఇంకో ఐదింటిని చెరువునుంచి తేవడం న్యాయమేనా? సార్‌ను అడిగితే నవ్వి ఊరుకున్నారు.

కొరమీను ఇప్పుడు మా చిన్నాన్న తోటలో సిమెంటు తొట్టిలో ఒక్కటే ఉంది. ఎగురుతుందని పైన వల కట్టినాము. ఆదివారం ఆదివారం వానపాములు తీసుకొని పోతాను. గట్టు మీద నిలబడితే నీళ్ళపైకి వచ్చి నోరు తెరుస్తుంది. నన్ను గుర్తుపట్టిందని చెల్లి అంటుంది. కొరమీను గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే, నేనున్నా లేకపోయినా. ఆ సంగతి నేను చెల్లికి ఇంకా చెప్పలేదు.