బీలకు కాపరి ఎవరు?

పరిశ్రమలు కావాలనే పక్షం నాది. 1966లో విశాఖ ఉక్కు కోసం మనవాళ్ళు ప్రాణాలిచ్చారు. అయినా పరిశ్రమకిచ్చిన నేలమీది పక్షికీ చేపకూ సంరక్షకుడెవరంటే, యజమానే అన్న జవాబు నాకు తృప్తినివ్వదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలనే తీసుకోండి. బీల అంటే నీరు నిలిచే పల్లపు నేల. ఆ నీటితో చుట్టూ పొలాలు పండుతాయి. అందులో చేపలు పట్టి కొందరు బతుకుతారు. ఆ చేపలకోసమే కొంగలూ వస్తాయి. కాగితాలమీద మాత్రం అది పనికిరాని భూమి! ఎవరికి పనికిరానిదో కాగితం చెప్పదు. అక్కడ బొగ్గు విద్యుత్కేంద్రం తలపెట్టారు. 2010 జూలై 14న, ఎదురుతిరిగిన జనంమీద పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. పర్యావరణ అనుమతి ఆ తర్వాత రద్దయింది.

ఇటువంటి కేంద్రాలకు, ఆవరణలో కొంత భాగంలో చెట్లు పెంచాలని షరతు పెడతారు. మంచిదే. కాని మోకాటిలోతు నీళ్ళలో నిలబడి చేపను పట్టే కొంగకు ఆ చెట్ల వరసలో తిండేముంది? చెట్ల లెక్క యజమాని చూపగలడు. తడినేల లెక్క దానితో బతికేవాళ్ళకే తెలుసు. వాళ్ళకు ప్రకృతిప్రేమ ఎక్కువని కాదు (కొంగమీద పద్యాలు చెప్పే తీరిక రైతుకెక్కడిది?), నీరు పోతే కొంగతోపాటు తమ బతుకూ పోతుంది గనుక. సంరక్షణను ఖర్చుపద్దుగా రాసుకున్న సంస్థ, నష్టమొచ్చిన ఏడు ముందు ఆ పద్దునే కొట్టేస్తుంది.

అందుచేత ఫ్యాక్టరీ ఆవరణలోని చెరువుమీద చుట్టుపక్కల గ్రామానికీ, లోపలి కార్మికులకూ చట్టరీత్యా హక్కుండాలంటాను. బోనసుతోపాటు ఈ కోర్కెనూ కార్మిక సంఘం ముందు పెడితే యాజమాన్యం ఏమంటుందో వినాలని వుంది.