పక్షుల వంతు నీరు



కాలువ క్రింద సేద్యము చేయువారికి వంతు నీటి సంగతి నేను చెప్పనక్కరలేదు. ఎగువ రైతు తూము కొంచెము ఎక్కువసేపు తెరచియుంచినయెడల చివరి పొలము ఎండును. ఆ రాత్రి గట్టుమీద వినబడు మాటలు ఆదివారమున ఆరాధనకు వచ్చు నోళ్లు పలుకదగినవి కావు. మనుష్యులకే చాలని నీటిలో పక్షులకును ఒక వంతు తీసియుంచవలెనని ఎవరైన చెప్పినయెడల మనమేమందుము? అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున ఈ ప్రశ్న నిజముగానే వచ్చినది. అక్కడివారును మొక్కజొన్న పండించుకొను రైతులే.

ఆ రాష్ట్రములో ప్లాట్ అను నది యున్నది. దానికి లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. పూర్వము కొండలమీద మంచు కరగినప్పుడు వరద దిగివచ్చి, నది నడుమనున్న ఇసుక తిన్నెలమీద మొలచిన మొక్కలను ఊడ్చివేయుచుండెను. అట్లు బోడిగా మిగిలిన ఇసుకయే కొన్ని పక్షులకు ఇల్లు. పైపింగ్ ప్లోవర్ అను చిన్న పిట్టయు, చేపలు పట్టు లీస్ట్ టర్న్ అను పిట్టయు ఆ ఇసుకలో చిన్న గుంటచేసి గ్రుడ్లు పెట్టును. వూపింగ్ క్రేన్ అను పెద్ద తెల్లని కొంగ కెనడానుండి టెక్సాసు సముద్రతీరమునకు సుమారు 4,000 కిలోమీటర్లు పోవు దారిలో, రాత్రివేళ ఆ లోతులేని నీటిలో నిలుచుండి విశ్రమించును. చుట్టు నీరుండుటవలన మృగము వచ్చినయెడల చప్పుడు ముందే వినబడును.

తరువాత ఆనకట్టలు వచ్చెను. నది ఎగువ పాయమీద వయోమింగులో పాత్‌ఫైండర్ ఆనకట్ట 1909లోను, నెబ్రాస్కాలో కింగ్‌స్లీ ఆనకట్ట 1941లోను పూర్తియైనవి. కింగ్‌స్లీ వెనుక నిలిచిన మెకానహీ జలాశయము పొలములకు నీరును, ఊళ్లకు విద్యుత్తును ఇచ్చెను. దానిని నేను తప్పుపట్టను. ఆనకట్ట నీటితో పండిన అన్నము తిన్నవాడెవడును తప్పుపట్టలేడు. అయితే వరద తగ్గెను. తిన్నెలమీద చెట్లు వేరుతన్నెను, నది చాలచోట్ల సన్నబడెను. ఆ 1941లోనే వూపింగ్ క్రేన్లు లోకమంతటిలో 20కి కొంచెము పైగా మాత్రమే మిగిలియుండెను. వేటయు, చిత్తడినేలలను సాగుచేయుటయు అందుకు ముఖ్య కారణములు గనుక నేరమంతయు ఆనకట్టమీద మోపుట న్యాయము కాదు.

1998లో కింగ్‌స్లీ ఆనకట్టకు అనుమతి పత్రము తిరిగి ఇచ్చినప్పుడు ఒక షరతు చేర్చబడెను. అక్టోబరు మొదలు ఏప్రిల్ వరకు జలాశయమునకు వచ్చి నిలువచేయదగిన నీటిలో పదియవ వంతు నదికొరకు వేరు ఖాతాగా ఉంచవలెను. ఆ ఖాతా 2,00,000 ఎకరా అడుగులకు మించకూడదు. ఎకరా అడుగనగా ఒక ఎకరముమీద అడుగు లోతున నిలుచు నీరు. దానిని ఎప్పుడు ఎంత విడువవలెనో కేంద్ర వన్యప్రాణి శాఖకు చెందిన ఒక ఉద్యోగి అడుగును. (పదియవ వంతు అనగానే మన సంఘస్థులకు వేరొకటి జ్ఞాపకము వచ్చును. ఆ లెక్క వేసినవారు దశమభాగమును తలంచి వేసిరని నేననుకొనను.)

ఇది పక్షులకు వేసిన భిక్షయా? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో గూటిని గూర్చిన ఆజ్ఞ యొకటి కలదు. త్రోవలో చెట్టుమీదనైనను నేలమీదనైనను గూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెను. ఆ ఆజ్ఞ తినవద్దని చెప్పలేదు. మరల గూడు కట్టగలదానిని మిగుల్చుమన్నది, అంతే. నది విషయములోనో, మనుష్యుడు తెలియకయే గూడు కట్టు నేలను తీసికొనెను. గనుక ఆ నీటిని భిక్షయనుటకు నాకు నోరు రాదు. అది తీసికొన్నదానిలో కొంత తిరిగి పెట్టుట.

అయినను రైతు పిల్లలకంటె పిట్ట యెక్కువా అని అడుగువాడు చెడ్డవాడు కాడు. మనుష్యులు పక్షులకంటె శ్రేష్ఠులని ప్రభువే చెప్పెను. అయితే ఆయన తండ్రి పోషించుచున్నాడని చూపినది ఆ పక్షులనే. నన్ను బాధించు ప్రశ్న వేరు. ఈ నష్టము ఎవరిమీద పడును? లేవీయకాండములో పొలపు ఓరలను కోయక బీదలకు విడువుమని చెప్పబడినది ఆ పొలము గలవానికే. పొరుగువాని చేని ఓర విడిపించుమని కాదు. పక్షుల పేరున చివరి పొలమువాని వంతు కోసి, ఎగువవాని తూము నిండుగా పారనిచ్చినయెడల ఆ ధర్మము ఎవరిది? ప్లాట్ నదిలో ఆ వంతును పంపకమునకు ముందే, జలాశయమునొద్దనే తీయుదురు. 2007 నుండి మూడు రాష్ట్రములును కేంద్ర ప్రభుత్వమును కలిసి నడుపు పథకములో, భూమియైనను నీరైనను ఇష్టపడి ఇచ్చువారియొద్దనే తీసికొందురు. ఇది నాకు సరిగా తోచుచున్నది.

మంచి మనస్సుతో పాటు లెక్కయు కుదరవలెను. కొద్ది దినములు పెద్ద నీరు విడిచినయెడల తిన్నెలు తిరిగి లేచునని మొదట తలంచిరి. అట్టి తిన్నెలు గూళ్లకు చాలినంత ఎత్తు కావని పరీక్షలవలన తేలెను. గనుక ఇప్పుడు యంత్రములతో చెట్లు తీయుచు, నదిలో అల్లుకొన్న పరాయి రెల్లును మందుతో చంపుచు, ప్రక్కనున్న ఇసుక గుంటలయొద్దను గూళ్లకు చోటు చేయుచున్నారు. ఆ దారిన పోవు వూపింగ్ క్రేన్లు నేడు 500 దాటినవి. అది అనేకుల ప్రయాసము, ప్లాట్ నీరు అందులో ఒక పాలు.

ఇంకొక చిక్కు కలదు. మెకానహీ జలాశయము దిగినప్పుడు బయటపడు ఒడ్డుమీద కూడ ప్లోవర్లు గ్రుడ్లు పెట్టును. మంచునీరు సమృద్ధిగా వచ్చిన యేట జలాశయము నిండును, రైతులు సంతోషింతురు, ఆ గూళ్లు మునుగును. నీటిని నిలిపినయెడల ఎగువ గూళ్లు పోవును. వేళగాని వేళ విడిచినయెడల దిగువ తిన్నెలమీది గూళ్లు పోవును. ఆ ఉద్యోగి ప్రతి సంవత్సరము ఈ రెంటిని ఎదుట పెట్టుకొని తేదీలు వ్రాయవలసియున్నది.