శునకధర్మం, సినిక్ దర్శనం

ప్రతి సత్కార్యం వెనుకా స్వార్థమే ఉంటుందని శంకించే వ్యక్తిని ఆధునిక ఆంగ్లంలో 'సినిక్' అంటారు. గ్రీకులో కుక్కను తెలిపే 'కుఓన్' నుండి ఏర్పడి, 'కుక్కవంటి' అనే అర్థమిచ్చే 'కునికోస్' అన్న విశేషణమే లాటిన్ మీదుగా ఆంగ్లంలో ఈ రూపం పొందింది. అయితే క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఈ పేరు పొందినవారు సద్గుణాన్ని శంకించినవారు కారు. మానవుని శ్రేయస్సుకు అదొక్కటే చాలునని బోధించినవారు.

ఈ నామకరణం గురించి ప్రాచీనులే రెండు విధాలుగా చెప్పారు. సోక్రటీస్ అనుయాయి అంతిస్తెనీస్ ఏథెన్స్ ప్రాకారం వెలుపలి 'కునోసార్గెస్' వ్యాయామశాలలో బోధించడం వల్ల ఆ స్థలనామమే మతనామమైందని ఒక కథనం. సినోపె నగరం విడిచి ఏథెన్స్ చేరిన డయోజనీస్ పెద్ద మట్టి బానలో తలదాచుకుంటూ, అంగడిలో అందరి ఎదుటా తింటూ బ్రతికినందుకు జనం పెట్టిన తిట్టుపేరే ఇదని, దానిని అతడు బిరుదుగా స్వీకరించాడని మరొక కథనం. అరిస్టాటిల్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో 'ఆ కుక్క' అని ప్రస్తావించిన వ్యక్తి డయోజనీసేనని పండితులు సాధారణంగా భావించడం ఈ రెండవదానికి బలమిస్తున్నది.

సిగ్గు విడవడం ధర్మమార్గం కాగలదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. స్వభావసిద్ధమైనది, అనగా గ్రీకులు 'ఫ్యూసిస్' అన్నది, ఎక్కడ చేసినా దోషం కాదని, లోకాచారమైన 'నోమోస్' మాత్రమే దానికి సిగ్గును అంటగట్టిందని సినిక్కుల వాదం. ఆ వాదమే చాలునంటే కుక్కకూ జ్ఞానికీ భేదం ఉండదు. పాళీ మజ్ఝిమ నికాయంలోని కుక్కురవతిక సుత్తం కుక్కలా జీవించే వ్రతం పట్టిన సేనియుడనే తాపసి కథ చెబుతుంది. ఆ వ్రతాన్ని పరిపూర్ణంగా ఆచరించినవాడు కుక్కల నడుమనే పుడతాడని బుద్ధుడు తెలిపాడు. కేవలానుకరణ ఫలం అంతేనన్నమాట.

సినిక్కులకు ఈ ఆక్షేపణ తగలకుండా చూసేది, అరిస్టాటిల్ గ్రంథాల వ్యాఖ్యాతలు తరువాతి కాలంలో ఆ పేరుకు చూపిన నాలుగు కారణాలలో చివరిది. మొదటి మూడు ఉదాసీనత, నిస్సంకోచం, కాపలా. నాల్గవది మిత్రుణ్ణి, శత్రువును గుర్తుపట్టే వివేకం. థీబ్స్ వాసియైన సినిక్ క్రాటీస్ తన సంపదను త్యజించినా, హిప్పార్కియా ఉన్నత కుటుంబాన్ని వదలి అతనిని వరించినా, మేలైనదాని కోసం మేలుకానిదానిని విడిచే ఈ వివేకమే అందుకు ప్రమాణం. సిగ్గు విడవడం దానికి సాధనమే తప్ప సాధ్యం కాదు. మేలన్నదే లేదనే నేటి సినిక్‌కు అందరూ శత్రువులే కనుక, గుర్తుపట్టవలసిన మిత్రుడే అతనికి మిగలడు.