నేనడిగినదానికి చెప్పవేంది?

ఆ శనివారం నా సంచిలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి ఆఫీసు వాళ్ళిచ్చిన విజిట్ రిజిస్టరు. రెండోది నేను కొనుక్కున్న లాంగ్ నోట్‌బుక్కు. రిజిస్టరులో పిల్ల పేరు, వయసు, వైకల్యం శాతం, ఆ రోజు చేయించిన పని, తల్లి సంతకం. అందులో పట్టనివన్నీ నోట్‌బుక్కులో.

తల్లి చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. పిల్ల గడప మీద కూర్చుని దారపు ఉండని అటూ ఇటూ దొర్లిస్తోంది. తల్లి తలెత్తకుండానే అడిగింది.

"మేడం, గీ పిల్లకు గర్భసంచి తీపియ్యమంటున్నరు మావోళ్ళు. తీపియ్యాల్నా, వద్దా?"

నేను ఆ ప్రశ్నను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆమె మాటల్లోనే, ఒక్క అక్షరం పోకుండా. పక్కన తేదీ కూడా వేశాను. ఆమె చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, కొన ఒత్తి, చాటలో పడేసి నా వైపు చూసింది.

"రాసుకునుడు కాదు మేడం, నేనడిగినదానికి చెప్పవేంది?"

ఇది 2019లో. ఇన్నేళ్ళ తర్వాత కూడా పరిశోధన అన్న మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ప్రశ్నే. ఈ పత్రిక చదివేవాళ్ళలో యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ళు, పీహెచ్‌డీలు చేసినవాళ్ళు చాలామంది ఉంటారు. మీకిది పాత సంగతే కావచ్చు. నాకు మాత్రం పరిశోధన నేర్చుకోవడమంటే ఆ గడప దగ్గర ఏం జరిగిందో అర్థం చేసుకోవడమే అయింది.

నేను ఐఈఆర్పీని. అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్‌ని. 2012 నుంచి నిజామాబాద్ జిల్లాలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. బడిలో మమ్మల్ని టీచర్లనరు, ఊళ్ళో మాత్రం మేడం అంటారు. వైకల్యమున్న పిల్లల్ని బడిలో చేర్పించడం, మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో వాళ్ళకి చదువూ ఆటా నేర్పడం, సదరం క్యాంపులకి తీసుకెళ్ళడం, ఫిజియోథెరపీ రోజున కాళ్ళు పట్టుకుని కూర్చోవడం మా పని. తీవ్ర వైకల్యం ఉండి బడికి రాలేని పిల్లలకి ఇంటి దగ్గరే చదువు చెప్పించుకునే హక్కుని 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ఇచ్చింది. ఆ హక్కు శనివారాల్లో నా రూపంలో వాళ్ళ ఇళ్ళకి వెళ్తుంది. ఒక్కోసారి బస్సు దొరక్క ఆలస్యంగా వెళ్తుంది.

2018లో దూరవిద్యలో చేరాను. ఒక యాక్షన్ రిసెర్చ్ చెయ్యాలన్నారు. మా పుస్తకాల్లో దాన్ని చర్యాత్మక పరిశోధన అంటారు. పని చేసేవాళ్ళే తమ పనిని పరిశోధించుకోవడం అన్నమాట. 1946లో కర్ట్ లెవిన్ దాని గురించి రాసినప్పుడు పుస్తకాలు తప్ప ఇంకేమీ పుట్టించని పరిశోధన చాలదన్నాడని చదివి చాలా సంతోషపడ్డాను. మా లాంటి వాళ్ళ కోసమే పుట్టిన విద్య అనుకున్నాను.

నేను పెట్టుకున్న శీర్షిక ఇది: "ప్రత్యేక అవసరాలు గల బాలికల హాజరుపై తల్లిదండ్రుల అవగాహనా లోపం ప్రభావం." గైడుకి వెంటనే నచ్చింది. నేరం ఎవరిదో శీర్షికలోనే తేల్చేశానని నాకూ తట్టలేదు, ఆయనకీ తట్టలేదు. ఇరవై ప్రశ్నలు తయారుచేశాను. మూడో ప్రశ్న: మీ అమ్మాయికి చదువు అవసరమని మీరు భావిస్తున్నారా? అవును, కాదు. పదకొండుమంది తల్లుల్ని అడిగితే పదకొండుమందీ అవునన్నారు. మేడం వచ్చి అడిగితే కాదని ఎవరంటారు? నా లెక్క ప్రకారం అవగాహనా లోపమే లేదు, పిల్లలు మాత్రం రావడం లేదు.

ఈ పిల్లకి అప్పుడు పదమూడేళ్ళు. మేధోవైకల్యం. మాటలు తక్కువ, నడక కొంచెం తడబాటు. పేరు రాయను. మారుపేరు కూడా పెట్టబుద్ధి కావడం లేదు. సంవత్సరం క్రితం వరకూ కేంద్రానికి వచ్చేది, తర్వాత మానేసింది. రిజిస్టరులో కారణం రాసే గడిలో "తల్లిదండ్రుల నిరాసక్తత" అని ఉంది. ఆ చేతిరాత నాదే.

అసలు లెక్క చాట దగ్గర కూర్చుంటే తెలిసింది. పిల్లని ఆటోలో తెచ్చి, మధ్యాహ్నం దాకా కూర్చుని, తిరిగి తీసుకెళ్తే తల్లికి ఆ పూట బీడీలు పోతాయి. వేయి బీడీలకింత అని కూలి కట్టే పనిలో పూట పోవడమంటే అన్నం పోవడమే. అటువైపు, వైకల్యమున్న ఆడపిల్లకి సమగ్ర శిక్షా కింద ఇచ్చే స్టైపెండు నెలకి 200 రూపాయలు. ఇది నాకు ఎవరో చెప్పాల్సిన సంగతి కాదు. మా అమ్మ నలభై ఏళ్ళు బీడీలు చేసింది. తంబాకు వాసనలోనే నేను పదో తరగతి చదివాను. అయినా ప్రశ్నాపత్రం చేతికి రాగానే అదంతా మర్చిపోయాను. చదువు మనకిచ్చే గొప్ప వరాల్లో ఇదొకటి.

రెండో కారణం నెలసరి. పిల్లకి అది మొదలయ్యాక కేంద్రానికి పంపడం తల్లికి భయమైంది. ఆ భయం నుంచే ఆపరేషన్ మాట వచ్చింది.

మళ్ళీ ఆ శనివారానికి వస్తాను. నేనెందుకు జవాబు చెప్పలేదు? గైడు చెప్పాడు, పుస్తకంలోనూ ఉంది: సమాచారం ఇచ్చేవాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తే నీ అభిప్రాయం చెప్పకు, చెబితే సమాచారం కలుషితమవుతుంది, చిరునవ్వుతో దాటెయ్యి. అది ఒక కారణం. కానీ నిజం చెప్పాలి. ఆ ప్రశ్న వినగానే నాకు లోపల సంతోషం కలిగింది. ఆర్నెల్లుగా అవును, కాదులతో ఎండిపోయిన నా పేపరుకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. ఒక తల్లి తన బిడ్డ శరీరాన్ని కోయించాలా వద్దా అని అడుగుతోంటే, ఇది ఏ అధ్యాయంలో వస్తుందా అని ఆలోచించాను. పద్ధతి పేరుతో దాక్కున్న ఆ ఆశే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఇప్పటికీ పెడుతోంది.

చాలా రోజుల తర్వాత ఒక స్నేహితురాలు ఆన్ ఓక్లీ 1981లో రాసిన వ్యాసం గురించి చెప్పింది. ఓక్లీ ఇంగ్లండులో గర్భిణుల్నీ కొత్త తల్లుల్నీ ఇంటర్వ్యూ చేస్తుంటే వాళ్ళు ఆమెనే బోలెడు ప్రశ్నలు అడిగారట. దాటెయ్యమన్న పుస్తకాల్ని పక్కన పెట్టి ఆమె జవాబులు చెప్పింది. అడిగేది ఒకరే, చెప్పేది ఒకరే అన్న ఏర్పాటులోనే పెత్తనం ఉందని వాదించింది. చదివి ఊరట పొందాను. అయితే ఓక్లీ దగ్గర స్టైపెండు రిజిస్టరు లేదు కదా అని కూడా అనిపించింది. నా జవాబుకి ఉన్న బరువు వేరు. నేను ఔనంటే ప్రభుత్వం ఔనన్నట్టు, వద్దంటే ప్రభుత్వం వద్దన్నట్టు. అందుకని నోరు మూసుకోవడం న్యాయమవుతుందా? ఆ బరువు నేను నోరు మూసుకున్నా ఉంటుంది. చెప్పకపోతే "మేడం ఏమన్లేదు, అంటే తప్పు లేదన్నట్టే" అనుకునే వీలుంది.

తర్వాతి శనివారం నోట్‌బుక్కు ఇంట్లో పెట్టి వెళ్ళాను. మొదట చట్టం చెప్పాను. వైకల్యమున్న మనిషికి పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమైనా వాళ్ళ సొంత సమ్మతి లేకుండా చెయ్యకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టం పదో సెక్షన్ చెబుతుందన్నాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"చట్టమొచ్చి గడుగుతదా? నేనున్నన్ని దినాలు నేను గడుగుత. నేను పోయినంక ఎవలు గడుగుతరు?"

నా దగ్గర జవాబు లేదు. 1994లో పుణె సాసూన్ ఆస్పత్రిలో, శిరూర్ ప్రభుత్వ వసతి గృహంలో ఉండే మేధోవైకల్యమున్న స్త్రీల గర్భసంచులు తీసినప్పుడు స్త్రీల సంఘాలు దేశమంతా నిరసించాయి. అక్కడ అధికారులు చెప్పిన కారణమూ శుభ్రతే. అధికారుల మీద కోపం తెచ్చుకోవడం సులభం. ఒంటరిగా పదమూడేళ్ళుగా కడుగుతున్న తల్లి మీద ఏ ముఖంతో కోపం తెచ్చుకోను?

"నాది తీపిచ్చుకున్న గదా, నాకేమైంది? నడుములు గుంజుతయ్, గంతే," అంది. ఆమెకి అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు, ఆపరేషన్ అయి ఆరేళ్ళు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉన్నాయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపించింది. ఆ సర్వేలో ఆమె ఒక అంకె. తన శరీరానికి ఎవరూ సమ్మతి అడగని మనిషిని బిడ్డ సమ్మతి గురించి నేను నిలదీస్తున్నాను.

చట్టం పక్కన పెట్టి నడుము నొప్పి గురించి మాట్లాడుకున్నాం. ఎందుకొస్తోందో, చిన్న వయసులో తీసేస్తే ఒంట్లో ఏమేం మారతాయో నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత నాకు చేతనైన పని మొదలుపెట్టాను. ప్యాడ్ మార్చుకోవడాన్ని ఆరు మెట్లుగా విడగొట్టి ఆరు బొమ్మల కార్డులు గీశాను. ప్యాడ్ మీద ఎర్ర సిరా వేసి చూపించాం. నాలుగు నెలలు పట్టింది. ఆరు మెట్లలో నాలుగు పిల్ల సొంతంగా చేసేది. వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టడం చివరిదాకా ఇష్టపడలేదు, విసిరేసేది. తల్లి తిట్టేది, నవ్వేది.

ఆపరేషన్ చేయించలేదు. నా మాట వల్లనో, డబ్బు సమకూరకనో, 2020లో కరోనా వచ్చి ఊరు దాటే వీల్లేకనో, నేనడగలేదు. పేపరు కోసం అడగాల్సింది. అడగకపోవడమే నేను చేసిన మంచి పని అనుకుంటాను.

ఇక రాయాల్సిన రోజు వచ్చింది. ఆమె "గా ముచ్చట రాయకు మేడం" అంది. సంతకం చేసిన అంగీకార పత్రం నా దగ్గరుంది. తెలుగులో టైపు చేయించి, చదివి వినిపించి తీసుకున్నదే. పద్ధతి ప్రకారం నేను రాయొచ్చు. కానీ ఆ సంతకం ఎలా వచ్చింది? విజిట్ రిజిస్టరులో, స్టైపెండు కాగితం మీద ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టినట్టే దీని మీదా పెట్టింది. మూడు కాగితాలకీ తేడా ఆమెకి తెలియదని కాదు, తేడా చూపించే స్వేచ్ఛ లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి హెచ్‌పీవీ టీకాలు వేసిన వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. అమ్మానాన్నలకి బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు ఎన్నో ఫారాల మీద సంతకాలు చేశారని తర్వాత విచారణల్లో బయటపడింది. ఆ వార్డెన్లలో చాలామంది దుర్మార్గులై ఉండరు. నా లాంటి వాళ్ళే అయి ఉంటారు. పిల్లల మంచి మాకు తెలుసు అనుకునేవాళ్ళు.

ఆ అధ్యాయం తీసేశాను. పేపరు పలచబడిందని గైడు అన్నాడు. నిజమే, పలచబడింది. పాసయ్యాను.

అయితే మాట దాచడమే ఎప్పుడూ గౌరవం అనుకుంటే మళ్ళీ పొరపాటే. నా సంగతి ఒకటి చెబుతాను. 2016లో ఒక అధ్యయన బృందం మా మండలానికి వచ్చింది. మూడు నెలలు వాళ్ళని ఇళ్ళకి తిప్పాను, అనువాదం చేశాను, నా నోట్సు ఇచ్చాను. ఇంగ్లీషు నివేదిక వచ్చింది. నేను రాసిన రెండు సంఘటనలు అందులో ఉన్నాయి. నేను కృతజ్ఞతల పేజీలో "క్షేత్ర సిబ్బంది" అన్న రెండు మాటల్లో ఉన్నాను. పేర్లు తీసేయడం నైతిక నియమం అన్నారు. నా పేరు ఎవరినుంచి కాపాడారో అర్థం కాలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" తర్వాత చదివినప్పుడు, తెలంగాణ పోరాటంలోని ఆ ఆడవాళ్ళు తమ పేర్లతో, తమ మాటల్లో మాట్లాడడం చూసి నాకు అసూయ కలిగింది. వాళ్ళ పేర్లు తీసేస్తే అది రెండోసారి చరిత్రలోంచి తుడిచెయ్యడమే అయ్యేది. నాకు పేరు కావాలి. ఈ తల్లికి పేరు వద్దు. ఈ రెంటినీ ఒకే నియమంలో ఎలా ఇరికిస్తారు?

ఆ పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండగానే నా రిజిస్టరులోంచి పేరు పోయింది. ఇప్పుడు ఆ ఇంటికి నా సంతకంతో పని లేదు. నన్ను మేడం అనడం మానేసి అక్కా అంటోంది. అందుకే ఇప్పుడు మళ్ళీ అడిగాను, రాయనా అని. ఏం రాస్తావో చదివి చూపించమంది. మొన్న వాళ్ళింటికి వెళ్ళి ఇదంతా చదివాను. ముప్ఫై నాలుగు కాదు, ముప్ఫై రెండు అని ఒక లెక్క సరిచేసింది. సదరం కాగితంలో ముప్ఫై నాలుగే ఉందన్నాను. "గా కాయితంల ఎవలు రాసిన్రో" అంది. పైన మార్చలేదు, మార్చాలా వద్దా అని ఇంకా తర్జనభర్జన పడుతున్నాను. ఒక పేరా మొత్తం తీసెయ్యమంది. తీసేశాను. అది ఎక్కడుండేదో కూడా చెప్పను.

పిల్లనీ అడిగాను. ఇష్టం, ఇష్టం లేదు అని మేము వాడే రెండు కార్డులుంటాయి, నవ్వే ముఖం, ముడుచుకున్న ముఖం. ఈ కాగితాలు చూపించి రెండు కార్డులూ ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. రెండూ తీసుకుని వాళ్ళమ్మ చాట కింద పెట్టేసి, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. తల్లి నవ్వి, "అడుగు, ఇంకోపారి అడుగు," అంది.