కొయ్య మారితే కారు మారినట్టేనా?

1920లలో ఇంగ్లండులో తయారైన కార్లలో చాలావాటికి రేకు లోపల ఉండేది ఆష్ కొయ్య చట్రమే. తడి చేరి అది పుచ్చిపోతే వడ్రంగి వెంటనే పారేయడు. ఆ పుచ్చిన ముక్కనే కొలతగా పెట్టుకుని కొత్తది చెక్కుతాడు. అలా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది పాత కారేనా? థీసియస్ ఓడ గురించి గ్రీకు తత్వవేత్తలు వాదులాడుకున్నదీ ఇదేనని ప్లూటార్క్ రాశాడు.

మనకీ ప్రశ్న కొత్తేం కాదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, వంట మారుతుంది, నిద్రలేచే వేళ మారుతుంది. అయినా "నువ్వు నువ్వేగా!" అంటారు. కావచ్చు. మార్పు తప్పు కాదు. పుచ్చినదాన్ని పట్టుకు వేలాడమని ఎవరంటారు? కానీ కారులో పాతదాని కొలతకే కొత్తది ఒదగాలి. మన విషయంలో ఆ కొలత ఎవరిది? పుచ్చని ముక్కల్ని కూడా తీసేయమంటే, ఎందుకని అడగొద్దూ?